‘రా’కు ముందు ఒక ఊపిరి

నాయినమ్మ ట్రంకుపెట్టె సర్దే పని నాకు అప్పగించారు. వస్తువులను వరసగా పెట్టి ఏది ఎవరికి చెందాలో తేల్చే ఓపిక నాకే ఉందని మా ఇంట్లో అందరి నమ్మకం. రేడియో ఇంజనీరింగు చదివినందుకు వచ్చిన పేరు అది. పైన రెండు తెల్ల చీరలు, వాటి మడతల్లో కలరా ఉండలు. వాటి కింద చర్చికి కప్పుకొని వెళ్ళే శాలువా. దాని కింద బైబిలు, అందులో ఒక కాడ విరిగిన కళ్ళజోడు. నా చిన్నప్పటి ఉన్ని టోపీ, ఎలుక కొరికింది. అట్టడుగున, చేతిరుమాలులో చుట్టిన ఇత్తడి ముక్క. చిన్న గిన్నెకు సన్నటి తోక మొలిచినట్లు ఉంటుంది. బిగుల్‌కు పెదవులు ఆనించి ఊదే చోట బిగించే భాగం అది. వాడి వాడి దాని అంచు నునుపెక్కింది.

చీరలు అమ్మకు, బైబిలు నాయినకు, శాలువా చర్చిలో ఎవరికైనా. టోపీ ఎవరికీ పనికిరాదు. ఇత్తడి ముక్క ఎవరికివ్వాలో మాత్రం తేలలేదు. నాకింకా ముప్పై నిండలేదు, జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని మా ఆవిడ నవ్వింది. అయినా దీన్ని గురించి ఇప్పుడే రాసి పెట్టకపోతే, నా తరువాత ఈ పెట్టె తెరిచే వాళ్ళకు ఇది పాత ఇత్తడిగా తూకానికి పోయే వస్తువే.

మా ఇల్లు బొల్లారంలో, బజారుకు వెనక సందులో, సిపాయిలు ఉండే బారకాసుల వైపు ఉండేది. నాయిన రైల్వేలో పని చేసేవాడు. అమ్మ మిషను బడిలో టీచరు. వాళ్ళిద్దరూ పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాళ్ళు. నన్ను పెంచింది నాయినమ్మ. పేరు మార్తమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే, బొల్లారంలో ఒక దొర బంగళాలో ఆయాగా చేరి, ఆ జీతంతోనే ఇద్దరు కొడుకులను పెంచింది. దొరలు వెళ్ళిపోయినా ఆ బంగళా అలవాటు ఒకటి ఆమెలో మిగిలింది. గడియారం చూడడం ఆమెకు రాదు. నేర్చుకోవలసిన అవసరమూ రాలేదు. బారకాసుల్లో ఊదే బిగుల్‌తోనే ఆమె ఇల్లు నడిచేది.

ప్రతి బిగుల్‌కూ ఆమె పెట్టుకున్న పేర్లు వేరు. తెల్లవారి ఊదేది లేపుడు బిగుల్. అది వినగానే పొట్టు పొయ్యి వెలిగించేది. రాత్రే కూరి పెట్టిన రంపపు పొట్టు రాజుకొని, కాలిన చెక్క వాసన ఇల్లంతా నిండేది. ఆ పొగలో నేను కళ్ళు నులుముకుంటూ లేచేవాణ్ణి. మధ్యాహ్నానిది బువ్వ బిగుల్. దాన్ని విన్నాకే సద్ది డబ్బా పట్టుకొని మా బడికి బయలుదేరేది. జొన్నరొట్టె ఆవిరికి మెత్తబడకుండా బట్టలో చుట్టి, పైన పచ్చడి, పక్కన ఉల్లిగడ్డ. గేటు దగ్గర నిలబడి నేను తినేదాకా కదిలేది కాదు. సాయంత్రం జెండా దించేటప్పుడు ఊదేది అన్నిటికంటే పెద్దది. దాని పేరు ఇంటి బిగుల్. ఆ వేళకు ఆమె గుమ్మంలో కూర్చొని బూడిదతో లాంతరు చిమ్నీ తుడుస్తూ ఉండేది. అది ఆగాకే దీపం, దీపం తరువాత ప్రార్థన, ప్రార్థన తరువాత అన్నం. ఈ వరస తప్పడానికి వీల్లేదు. ఆకలవుతోందని ఏడ్చినా సరే, బిగుల్ కాకముందు కంచం పడేది కాదు.

ఆ బిగుళ్ళకు ఆమె మాటలు కూడా కట్టింది. లేపుడు బిగుల్‌కు ‘లే లే లే సోంబేరీ, చాయ సల్లగయ్యె’ అని పాడి నా దుప్పటి లాగేది. ఇంటి బిగుల్‌కు కట్టిన మాటలు ఇవి: ‘పొద్దుగూకె, పొయ్యి మండె, ఇంటికి రా.’ చివరి ‘రా’ చాలా పొడుగు. బిగుల్‌కు మీటలు ఉండవు. అది ఒక్క గొట్టం. స్వరాలన్నీ పెదవుల బిగువుతో, ఊపిరితో పలికించవలసిందే. అందువల్ల ఊపిరి సరిగా దాచుకోని వాడికి ఆ చివరి స్వరం దగ్గర దమ్ము చాలదు. నాయినమ్మ చిన్న కొడుకు, నా చిన్నాయిన దానియేలు, అటువంటి వాడు.

చిన్నాయిన అప్పట్లో నిజాం సర్కారు ఫౌజులో బాజా దళంలో ఉండేవాడు. మొదట నగరానికి అవతలి కొసన ఉండి ఆదివారాల్లో వచ్చేవాడు. ఇండియా ఫౌజు బొల్లారం ఖాళీ చేసి వెళ్ళిపోయి, సర్కారు ఫౌజు ఆ బారకాసుల్లోకి వచ్చినప్పుడు అతనూ వాళ్ళతో వచ్చాడు. ఆ ఏడాది సికింద్రాబాదులో చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయి. రజాకార్ల భయంతో కొందరు బెజవాడకు, కొందరు మద్రాసుకు వెళ్ళిపోయారు. బజారులో చీకటి పడకముందే దుకాణాలు మూసేవాళ్ళు. నాకు తెలిసి ఆ ఏడాది సంతోషంగా ఉన్న మనిషి మా నాయినమ్మ ఒక్కతే. కొడుకు ఊదే బిగుల్ ఆమెకు గుమ్మంలో కూర్చుంటే వినిపించేది.

అది అతనిదేనని ఎలా తెలిసేదంటే, ఆ తప్పు వల్ల. ‘పొద్దుగూకె, పొయ్యి మండె, ఇంటికి’ అని వచ్చి అక్కడ తెగేది. ఒక చిన్న ఖాళీ. అతను ఊపిరి తీసుకునేవాడు. ఆ తరువాత ‘రా’ వచ్చేది. ఆ ఖాళీ వినబడగానే నాయినమ్మ చిమ్నీ తుడిచే చేతిని ఆపి, ‘ఉన్నడు’ అనేది. అంతే. లేచి దీపం ముట్టించేది.

ఒక సాయంత్రం ఖాళీ రాలేదు. బిగుల్ మొదటి నుంచి చివరిదాకా తెగకుండా, నిండుగా, చాలా అందంగా వచ్చింది. నాయినమ్మ చిమ్నీని కింద పెట్టింది. “గది మా దానీ గాదు” అంది. దీపం లేదు, ప్రార్థన లేదు. నా చెయ్యి పట్టుకొని బారకాసుల గేటుకు లాక్కుపోయింది. పహరా ఉన్న సిపాయి ముందు కసురుకొని, ఆమె కదలకపోయేసరికి లోపలికి కబురు పంపాడు. చిన్నాయిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

“ఏందమ్మా, ఏమైంది? అన్నకేమన్న అయిందా?”

“నీకేమైందిరా? ఎవడు ఊదిండు ఇయ్యాల?”

“నేనే ఊదిన. మంచిగ లేకుండెనా?” అతని ముఖం వెలిగిపోయింది. “హవల్దారు రోజు తిడ్తుండు, చివరి సుర్ కాడ దమ్ము సచ్చిపోతుందా అని. డోలు గొట్టే కరీం, నేను కల్సి వారం సంది మైదాన్ల ప్రాక్టీస్ జేసినం. ఇయ్యాల హవల్దారే షాబాష్ అన్నడు.”

నాయినమ్మ అతని భుజం మీద ఒక్కటి వేసింది. “షాబాషంట! నువ్వు మంచిగూదితే నాకెట్ల ఎర్కయితదిరా నువ్వే అని? గీ పరేషాన్ల, గా చప్పుడొక్కటేగద నాకున్నది!”

చిన్నాయినకు మొదట నవ్వొచ్చింది. తరువాత నవ్వలేదు. నన్ను ఎత్తుకొని, ఆమె వైపు చూడకుండా నాతో చెబుతున్నట్లు అన్నాడు. “ఇగ రేపటికెల్లి మల్ల తప్పే ఊదుతరా. మీ నాయినమ్మకు తప్పే గావాల్నట.”

మరునాటి నుంచి ఖాళీ మళ్ళీ వచ్చింది. అది ఊపిరి చాలక వచ్చినది కాదని ఇప్పుడు మాకు తెలుసు. హవల్దారు తిట్టాడట, మైదానం చుట్టూ పరుగెత్తించాడట. నెలలు గడిచినా అతను దిద్దుకోలేదు. నేర్చుకున్న విద్యను రోజూ సాయంత్రం తల్లి కోసం ఒక్క క్షణం మరిచిపోయేవాడు.

నాయిన మాత్రం ఇదంతా పిచ్చి అనేవాడు. మమ్మల్ని గుంటూరులో అమ్మ వాళ్ళ బంధువుల ఇంటికి పంపాలని టికెట్లు కూడా చూశాడు. “దునియా అంతా ఖాళీ జేసి పోతుంటే, బిగుల్ ఇనొస్తదని గిక్కడ్నె కూసుంటవా అమ్మా?” అన్నాడు. “నువ్వు పిలగాన్ని తీస్కొని పోరా. నేనొస్తే వానికి ఇంటికి రా అని చెప్పెటోళ్ళెవరు?” అంది. అమ్మ ఆమెను వదిలి కదలనంది. అందువల్ల ఎవరమూ వెళ్ళలేదు.

వానలు ఇంకా పోని రోజుల్లో, ఒక సాయంత్రం బిగుల్ వేరేగా వచ్చింది. ఖాళీ లేకపోవడమే కాదు, ఊదే తీరే వేరు, తొందర తొందరగా. నాయినమ్మ ఈసారి లేచి పరుగెత్తలేదు. చిమ్నీ తుడవడం ముగించి, “దానీ లేడు” అంది. నాయిన, “సెలవు దొర్కిందేమో” అన్నాడు. “సెలవైతే ఇంటికొస్తుండె” అంది ఆమె. రెండు రోజులకు బజారులో తెలిసింది, ఆ పటాలాన్ని పడమటి సరిహద్దుకు పంపారని. ఇంట్లో వాళ్ళకు చెప్పవద్దని హుకుం అయిందట.

తరువాత జరిగినదాన్ని పుస్తకాలు పోలీసు చర్య అంటాయి. నాకు గుర్తున్నవి కొన్నే. పైన విమానాల మోత. ఇరానీ హోటల్లో రేడియో చుట్టూ జనం. నాయిన దుప్పట్లతో కిటికీలు మూయడం. అంతలోనే ఒకనాడు అంతా అయిపోయిందని కేకలు. ఇండియా ఫౌజు లారీలు వస్తుంటే రోడ్డుకు రెండు వైపులా జనం, చేతుల్లో పూలు. నాయిన నన్ను భుజాల మీదికి ఎక్కించుకొని అందరితో పాటు అరిచాడు. అతను సంతోషించడానికి కారణం ఉంది. ఆ ఏడాదంతా పని నుంచి చీకట్లో ఇంటికి వచ్చే దారిలో అతను పడ్డ భయం మాకు తెలియకపోలేదు. నాయినమ్మ కూడా వచ్చింది. కానీ లారీల వైపు చూడలేదు. లారీలకు వెనక, రోడ్డు పక్కన, ఆయుధాలు లేకుండా తలలు దించుకొని ఎవరైనా నడిచి వస్తున్నారేమోనని చూస్తూ నిలబడింది. మా పక్కింటి ముత్యాలమ్మ పూలు చల్లుతూ, “ఏం మార్తమ్మా, నీ కొడుకు నిజాం ఫౌజుల ఉండెగద, మొకం గట్ల వెట్టినవ్” అంది. ఆమెది ఎత్తిపొడుపు మాటే గానీ చెడ్డ మనసు కాదు. నాయినమ్మ, “నా కొడుకు తుపాకి వట్టలే బిడ్డా, బిగుల్ వట్టిండు” అంది. ముత్యాలమ్మ చేతిలో ఉన్న పూలు అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రమే బారకాసుల్లో కొత్త ఫౌజు బిగుల్ ఊదింది. అదే వరుస, అవే స్వరాలు. ఎక్కడా తెగలేదు. రోజూ ఊదేవాడెవరో గానీ మంచి పనివాడు. నాయినమ్మ రోజూ గుమ్మంలో చెవి పెట్టి వినేది. సరిహద్దు నుంచి కొందరు నడిచి, కొందరు బండ్లలో తిరిగి వస్తున్నారని విన్నప్పుడల్లా స్టేషనుకు వెళ్ళి వచ్చేది. ఒక రోజు ఇద్దరికి సరిపడా అన్నం ఎక్కువ వండింది. అడిగితే, “కరీం సుత వస్తడేమో” అంది.

కరీం ఒక్కడే వచ్చాడు. మంచి ఎండలో, మాసిన చొక్కాతో, తల మీద టోపీ లేకుండా, గడ్డం తీసేసుకొని. ఆ రోజుల్లో అతని మతం వాళ్ళు ప్రాణభయంతో అలా వేషం మార్చుకొని తిరగవలసి వచ్చింది. అతను డోలు కొట్టేవాడు, చిన్నాయినకు ప్రాణం. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నాయినమ్మ అతని వెనక్కు, సందు మొగదాకా చూసింది. ఎవరూ లేరు. అప్పుడు పక్కకు జరిగి, “లోపట్కి రా బిడ్డా, ఎండ” అంది.

అతను కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. జేబులోంచి ఈ ఇత్తడి ముక్క తీసి ఆమె ముందు నేల మీద పెట్టాడు. “తోపు గుండు వడ్డదమ్మా. నేను గుంటల ఉండి బతికిన. బిగుల్ నల్గిపోయింది. గిదొక్కటి దొర్కింది.” చిన్నాయినను అక్కడే, ఒక ఊరి బయట, తనూ ఇంకొకరూ కలిసి మట్టి చేశామని చెప్పాడు. “మీ దువా నాకు రాదమ్మా. నాకొచ్చింది నేను చదివిన. తప్పయితే మాఫ్ జెయ్.”

అమ్మ ఏడుపు అందుకుంది. నాయిన గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నాయినమ్మ ఒకే ప్రశ్న అడిగింది. “ముందురోజు పొద్దుగూకినప్పుడు వాడే ఊదిండా?”

“వాడే ఊదిండమ్మా.”

“ఊపిరి తీస్కున్నడా?”

కరీంకు ఆ ప్రశ్న వివరించి చెప్పవలసిన పని లేకపోయింది. “తీస్కున్నడు. నేనన్న, ఇంత దూరంల మీ అమ్మకేమినొస్తదిరా, జెర మంచిగూదరాదు అని. ఇనొస్తది అన్నడు. ఆ పొద్దు హవల్దారు సుత ఏమన్లే.”

నాయినమ్మ లేచి కంచం కడిగి కరీంకు అన్నం పెట్టింది. అతను వద్దన్నాడు. “తిను. వానికోసం వండిందే” అంది. అతను తింటూ ఏడ్చాడు, ఏడుస్తూ తిన్నాడు. సాయంత్రం చీకటి పడనిచ్చి నాయిన అతన్ని వాళ్ళ ఇంటిదాకా దిగబెట్టి వచ్చాడు.

చర్చిలో జ్ఞాపకార్థ కూటం జరిగింది. నాయినమ్మ తెల్ల చీర కట్టుకొని ముందు వరసలో కూర్చుంది. పాటలు పాడింది. కొడుకు పోయాడన్న సంగతి ఆమెకు తెలియదని ఎవరూ అనుకోకూడదు. బాగా తెలుసు. అయినా ఇంటి బిగుల్ దగ్గర వరస మారలేదు. బిగుల్ వచ్చేసరికి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. కొత్తవాడు తెగకుండా ఊదుకుంటూ పోయేవాడు. ‘ఇంటికి’ దగ్గరకు వచ్చేసరికి నాయినమ్మ గుండె నిండా ఊపిరి తీసుకునేది. అది పక్క గదిలోకి కూడా వినిపించేది. కొడుకు వదిలిపెట్టిన ఖాళీని ఆమె తన ఛాతీలో నింపుకుంటున్నట్లు ఉండేది. తరువాత వెళ్ళి దీపం ముట్టించేది.

ఏళ్ళు గడిచాయి. సర్కారు మారింది, పైసలు మారాయి, మా బడిలో ఉర్దూ అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు వచ్చాయి, ఇంట్లోకి కరెంటు వచ్చింది. చిమ్నీ తుడిచే పని లేకపోయినా ఆమె ఆ వేళకు చేతిలో ఏదో ఒక గుడ్డ పట్టుకొని గుమ్మంలోకి వచ్చేది. నాయినకు ఇది కష్టంగా ఉండేది. అతనికి తమ్ముడి మాట ఎత్తడమే ఇష్టం లేదు. అతని ఫోటో కూడా గోడ మీద ఉండనివ్వలేదు. కొన్నిసార్లు విసుక్కునేవాడు. “ఎన్ని రోజులమ్మా గిట్ల? బువ్వ సల్లగయితుంది.” “అయిపోనీ ఊకో” అనేది ఆమె. ఆమె ఊపిరి తీసుకునే క్షణానికి నాయిన లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

కాలేజీలో చేరిన కొత్తలో నాకు తెలిసినదంతా ఎవరికో ఒకరికి చెప్పాలనిపించేది. ధ్వనికి వేగం ఉంటుందని, బారకాసుల్లో ఊదిన బిగుల్ మన దగ్గరకు రావడానికి కొంతసేపు పడుతుందని ఒక సాయంత్రం నాయినమ్మకు చెప్పాను.

“అంటే గాడ ఊదుడు అయిపోయినంక నేనింటున్ననా?”

“అవ్ నాయినమ్మా. కొంచెం ఆలస్యంగ వస్తది.”

“ఇంకా దూరంకెల్లి వస్తే?”

“ఇంకా ఆలస్యం.”

ఆమె చేతిలోని గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. “మస్తు దూరంకెల్లి అయితే,” అంది, “ఎప్పుడో ఊదింది సుత ఇంకా తొవ్వల ఉండొచ్చు.”

ధ్వని దూరం పోయేకొద్దీ సన్నబడి గాలిలో కలిసిపోతుందని, దానికి సూత్రం ఉందని నాకు తెలుసు. “దూరమైతే సన్నబడ్తది నాయినమ్మా” అని మాత్రం అన్నాను.

“సన్నబడ్తే ఏందిరా. నేనినుకుంట.”

ఇప్పుడు నేను ఉండేది నేరేడ్‌మెట్‌లో. మా ఇంట్లో రెండు గోడ గడియారాలు, ఒక అలారం గడియారం, నా చేతికొకటి. అవి నాలుగూ ఒకే సమయం చూపేలా ఆదివారం ఆదివారం సరిచేస్తాను. మాలో ఎవరికి ఎప్పుడు ఆకలైతే అప్పుడు తింటాం. ఎవరి కోసమూ కంచాలు ఆగవు. నా కొడుకు బడి నుంచి రావడం ఆలస్యమైతే మా ఆవిడ వీధిలోకి చూస్తుంది, నేను గడియారం చూస్తాను. వాడు వస్తున్నాడని చెవితో తెలుసుకునే విద్య మా ఇద్దరికీ లేదు.

నాయినమ్మ పోయింది నిద్రలో, తెల్లవారగట్ల. లేపుడు బిగుల్ ఊదాక కూడా పొయ్యి వెలగకపోయేసరికి అమ్మ వెళ్ళి చూసిందట. సాయంత్రం బొల్లారం సమాధుల తోటకు తీసుకెళ్ళాం. కరీం వచ్చాడు. ఇప్పుడు అతనికి నెరిసిన గడ్డం ఉంది, తల మీద టోపీ ఉంది. గోతికి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. పాస్టరుగారి ప్రార్థన పూర్తయ్యే వేళకు ఎండ వాలిపోయింది. పెట్టెను దించారు. ముందుగా మట్టి వేయవలసింది పెద్ద కొడుకు. నాయిన వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బారకాసుల్లో జెండా దించే బిగుల్ మొదలైంది. నాయిన చెయ్యి గోతి మీద ఆగిపోయింది. పొద్దుగూకె. పొయ్యి మండె. ఇంటికి.

ఊదేవాడు ఆగలేదు. మా నాయిన ఆగాడు. నా పక్కన నిలబడి, కళ్ళు మూసుకొని, నాయినమ్మ తీసుకున్నట్లే గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు. ఎడంగా ఉన్న కరీం దగ్గర నుంచి కూడా అదే చప్పుడు వినిపించింది. చివరి స్వరం ఇంకా సాగుతూ ఉండగా నాయిన గుప్పిలి విప్పాడు.